ఎర్ర పెన్సిలు

పోయినవారం ఈ కాలమ్‌లో నన్ను నేను వంటింటి బల్ల దగ్గర, చేతిలో ఒక కాగితంతో, కాఫీ చల్లారబెట్టుకుంటూ వదిలిపెట్టాను. అక్కణ్ణించే మొదలుపెడతాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఆరేళ్ళ కిందటి దాకా నేను లాయర్ని. ఇప్పుడు పరాయి భాషల సీరియళ్ళకి తెలుగు మాటలు రాస్తాను. మూడు నెలలుగా నా నెత్తిన పడింది ఒక కొరియన్ సీరియల్. పదహారు ఎపిసోడ్లు. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు లాయర్లు, ఒక ఆడ, ఒక మగ, మొదట కీచులాడుకుని తర్వాత ప్రేమించుకుంటారు. మొదటి నాలుగు ఎపిసోడ్లూ నిజంగానే బాగున్నాయి. ఆ అమ్మాయి కోర్టులో నోరు తెరిస్తే అవతలివాడికి చెమటలు పట్టేవి. రాస్తూ రాస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఐదో ఎపిసోడ్‌లో వాన వచ్చింది, ఇద్దరికీ ఒకే గొడుగు దొరికింది, అంతే, ఆ పిల్ల బుర్ర ఆ వానకి కొట్టుకుపోయింది. అప్పట్నించీ మెట్లు దిగితే జారుతుంది, ఫైళ్ళు కింద పడేస్తుంది, పడేసిన ప్రతిసారీ హీరో వచ్చి పట్టుకుంటాడు. అంత తెలివైన పిల్లని అంత తొందరగా దద్దమ్మని చేసినవాళ్ళ మీద నాకు కోపం. ఆ దద్దమ్మ నోట్లో తెలుగు పెట్టి బతుకుతున్నందుకు నా మీద నాకు ఇంకా కోపం.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. తెర మీది బొమ్మలో పెదాలు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో, ఎక్కడ మూసుకున్నాయో లెక్క పెట్టుకుని రాయాలి. పెదవి మూసుకున్నచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. అర్థం సంగతి ఆ తర్వాత. కాగితానికి ఎడమవైపు మాటలు, కుడివైపు వెడల్పుగా మార్జిన్. ఆ మార్జిన్‌లో కోర్టు మాటలు సరిచూసి దిద్దడం మా ఆయన పని. ఆయన లాయరు, పేరున్న లాయరు. ఇద్దరం ఒకే సీనియర్ దగ్గర జూనియర్లుగా ఉన్న రోజుల్లోనే ఆయనకి ‘ఎర్ర పెన్సిలు’ అని పేరు పెట్టాం. ఎవరు ఏ కాగితం ఇచ్చినా, ఆఖరికి పెళ్ళిపత్రిక ఇచ్చినా, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి తప్పు దిద్దాల్సిందే. తప్పు కనబడితే ఆయన చెయ్యి ఆగదు. ఆ జబ్బే ఆయన్ని పట్టించింది.

పదకొండో ఎపిసోడ్‌లో, చేతిలో ఉన్న కేసు గెలిస్తే ఆ అమ్మాయిని వేరే ఊళ్ళో కొత్త ఆఫీసుకి పంపిస్తామంటారు. వెళ్ళిపోతుందేమోనని హీరోకి బెంగ. విచారణకి ముందురోజు ఆమె ఫైలు తీసి బీరువా వెనక దాచేస్తాడు. ఆమె ఓడిపోతుంది. తర్వాత సంగతి తెలిసి అతని గుండెల మీద రెండు గుద్దులు గుద్దుతుంది. అతను “నిన్ను పోగొట్టుకోలేక చేశాను” అంటాడు. ఆమె నవ్వేస్తుంది. వెనక వయొలిన్లు మోగుతాయి. ఆ లైను రాసింది నేనే. పెదవి మూసుకున్నచోట ‘పో’ సరిగ్గా పడిందని సంబరపడ్డాను కూడా.

దాని పక్కన మార్జిన్‌లో మా ఆయన ఎర్ర పెన్సిలుతో ఇలా రాశాడు: “నమ్మేలా లేదు. బీరువా వెనక దాస్తే సాయంత్రానికి గుమాస్తా తీసేస్తాడు. ముగిసిన కేసుల కట్టలో పెట్టాలి. నడిచే కేసుల ఎర్ర టేపు విప్పి ముగిసినవాటి తెల్ల టేపు కట్టి, నంబరు గోడవైపు తిప్పి పెడితే ఏడాది దాకా ఎవరూ ముట్టుకోరు.”

బొమ్మలో ఉన్న బీరువాని నేను మార్చలేనని ఆయనకి తెలుసు. అయినా రాశాడు. పని తెలియని దొంగని చూస్తే ఆయనకి ఒళ్ళు మండింది.

నా కొంప ముంచిన ఫైలు అచ్చం అలాగే దొరికింది. అది ఒక టైలరమ్మ కేసు. విడిపోయిన భర్త, ఎనిమిదేళ్ళ కూతురు తనకే కావాలని కోర్టుకెక్కాడు. తల్లి పిల్లని ఇంట్లో ఒంటరిగా వదిలేసి పొద్దుపోయేదాకా షాపులోనే ఉంటుందని అతని వాదన. కాదని చెప్పడానికి మా దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం, బడి పెద్ద టీచరమ్మ రాసిచ్చిన ఉత్తరం. రోజూ ఆఖరి గంటకి తల్లి గేటు దగ్గర ఉండేదని, పిల్ల కుట్టుమిషను పక్కనే కూర్చుని చదువుకునేదని ఆవిడ రాసింది. రాసిచ్చిన నాలుగురోజులకే ఆవిడ గుండె ఆగి పోయింది. ఆ కాగితం ఇరవై రోజులు నా దగ్గరుంటే నకలు తీయలేదు. ఇవాళ, రేపు అనుకున్నాను. అది నా తప్పే, ఎవరి మీదా నెట్టను. విచారణ రోజు పొద్దున్న చూస్తే ఫైలే లేదు. ఖాళీ చేతులతో నిలబడ్డాను. పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది.

పద్నాలుగు నెలల తర్వాత ఆఫీసుకి సున్నం వేయిస్తుంటే, స్టూలెక్కి కట్టలు దించుతున్న నాకే ఆ ఫైలు దొరికింది. ముగిసిన కేసుల మధ్య, తెల్ల టేపుతో, నంబరు గోడవైపు తిరిగి ఉంది. ఆ కట్టలో దొరికిందని మాత్రమే అందరికీ చెప్పాను. టేపు సంగతి, నంబరు సంగతి ఎవరికీ చెప్పలేదు. పరధ్యానంలో నా చేత్తో నేనే కట్టి పెట్టి ఉంటాననుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ వారమే కోటు విప్పేశాను.

ఇదీ ఇంతవరకు కథ.

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. సోమవారం నుంచి లాయర్ల సంఘంలో క్రమశిక్షణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. లాయర్లు మోసం చేశారని జనం ఇచ్చే ఫిర్యాదులు విని తేల్చే కమిటీ అది. మొదటిరోజు చదవబోయే ప్రసంగం ముందు పెట్టుకుని తన రాత తనే దిద్దుకుంటున్నాడు. “కక్షిదారు నమ్మకమే మన వృత్తికి పునాది” అన్న వాక్యంలో ‘పునాది’ కొట్టేసి ‘ప్రాణం’ అని రాశాడు. ఏది బాగుందని నన్నడిగాడు.

చేతిలో ఉన్న కాగితం ఆ ప్రసంగం మీద పెట్టాను.

చదివాడు. ‘గుమాస్తా’లో ఒక అక్షరం సరిగ్గా పడలేదనిపించిందేమో, దాని మీద ఇంకోసారి పెన్సిలు తిప్పాడు. నేను చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ మొదటినించి చదవడం మొదలుపెట్టాడు. ఈసారి సగంలో పెన్సిలు ఆగింది.

“నంబరు గోడవైపు తిరిగి ఉందని నీకెవరు చెప్పారు?” అన్నాను.

ముందు ఆయనలోని లాయరు మాట్లాడాడు. నువ్వే ఎప్పుడో చెప్పి ఉంటావు, ఆరేళ్ళ నాటి మాట ఎవరికి గుర్తుంటుంది అన్నాడు. నేను చెప్పలేదన్నాను. సున్నం వేసినవాళ్ళు అనుకుంటుంటే విన్నానేమో అన్నాడు. నేను స్టూలెక్కినప్పుడు ఆ గదిలో ఇంకో మనిషి లేడన్నాను. అయితే ఊహించి రాశాను, ఏ లాయరైనా అలాగే దాస్తాడు అన్నాడు. ఏ లాయరైనా దాచడు అన్నాను. ఆ తర్వాత నేనింక మాట్లాడలేదు. సాక్షి నీళ్ళు నములుతుంటే మనం ఊరుకోవాలి, ఆ నిశ్శబ్దం భరించలేక వాడే చెప్పేస్తాడని మా సీనియర్ నేర్పాడు. మా ఆయన కూడా ఆ పాఠం నా పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. ఎదురుగా ఉన్నది భార్యే కదా అని మర్చిపోయాడు.

గోడ గడియారం వంక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు.

ఒక్క సాయంత్రం పనట అది. అందరూ వెళ్ళిపోయాక నా బల్ల మీద ఫైలు కనబడిందట. ఆ కేసు గెలిస్తే సీనియర్ నన్ను వేరే ఊళ్ళో కొత్త ఆఫీసుకి పంపబోతున్నాడని అంతకుముందే ఆయన చెవిన పడిందట. మా పెళ్ళయి అప్పటికి ఏడాది. మర్నాడు విచారణకి ముందే తీసి బల్ల మీద పెట్టేద్దామనుకున్నాడట. పొద్దున్నే సీనియర్ ఇంకో కోర్టుకి తరిమాడట. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయిందట. ఆ తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదట. ఇన్ని ‘అట’లు పెట్టి రాయడానికి కారణం ఉంది, అది చివర్లో చెప్తాను.

“కావాలని పన్నిన పన్నాగం కాదు. ఆ ఒక్క సాయంత్రం నా బుద్ధి గడ్డి తింది,” అన్నాడు. బల్ల మీదనించి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు. “నిన్ను పోగొట్టుకోలేక చేశాను.”

నా లైను. ఒక్క అక్షరం మార్చకుండా నాకే అప్పజెప్పాడు. మూడు రోజుల కిందట దిద్దడానికి ఇచ్చినప్పుడు అది నోటికి అంటుకుందో, నిజంగా అప్పటికప్పుడు తోచిందో నాకు తెలియదు. నాకు నవ్వొచ్చింది. సీరియల్లో ఆ అమ్మాయికి వచ్చిన నవ్వు కాదు. చెయ్యి లాక్కున్నాను.

ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో ఇల్లు వదిలేముందు గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు చూసుకోవడం అలవాటైంది. తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూస్తాను. నా మతి మీద నాకు నమ్మకం పోయింది. చుట్టాలు వచ్చినప్పుడు మా ఆయన నవ్వుతూ అనేవాడు, మా ఆవిడ చేతికి ఏదీ ఇవ్వకండి, ముగిసిన కేసుల్లో పెట్టేస్తుందని. అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. రాత్రుళ్ళు ఏడిస్తే తల నిమిరేవాడు. మర్చిపోవడం మనిషన్నవాడికి సహజం, నిన్ను నువ్వు క్షమించుకో అనేవాడు. అంత ప్రేమగా అనేవాడు.

“నన్ను పోగొట్టుకోకుండా ఉండటానికి ఒక తల్లికి కూతురు లేకుండా చేశావు,” అన్నాను.

“తీర్పు కోర్టు ఇచ్చింది. నేనివ్వలేదు.”

“నీ మీద ఫిర్యాదు ఇస్తాను.”

“ఎవరికి?” అన్నాడు. వెక్కిరింపుగా అన్నా బాగుండేది. జాలిగా అడిగాడు. తర్వాత నా కాగితాన్ని వేలితో నావైపు నెట్టాడు. “ఇది సీరియల్ స్క్రిప్టు. కొరియన్ కథలో తప్పుందని సలహా రాశాను. దీన్ని ఎవరైనా రుజువంటారా? నువ్వే చెప్పు, లాయరువి కదా.”

ఆరేళ్ళలో ఆయన నన్ను లాయరనడం అదే మొదటిసారి. పైగా ఆయనన్నది నిజం. అది రుజువు కాదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని స్టూడియోకి బయల్దేరాను. గ్యాసు చూసుకోలేదు.

ఆ రోజు డబ్బింగ్ జరుగుతున్నది సరిగ్గా ఆ ఎపిసోడే. దారిలో బస్సులో కూర్చుని హీరోయిన్ జవాబు మార్చేశాను. అంతకుముందు నేను రాసింది, “పిచ్చివాడా, ముందే చెప్పొచ్చుగా.” ఇప్పుడు రాసింది, “పోయింది నా కేసు కాదు, వాళ్ళ బతుకు.” హీరోయిన్‌కి గొంతు ఇచ్చే అమ్మాయిని మేమంతా ‘చిలక’ అంటాం. అద్దాల గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ లైను మూడుసార్లు చెప్పింది. బాగా చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు దాని గొంతు వణికింది కూడా. కానీ తెర మీద ఆ అమ్మాయి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. మాట ఏడుస్తుంటే మొహం నవ్వుతోంది. చూడటానికి పిచ్చెత్తినట్టుంది.

ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న డబ్బింగ్ మాస్టారు మిషను ఆపేయించి నన్ను పక్కకి పిలిచాడు. కోప్పడలేదు. కళ్ళలోకి ఓసారి చూసి, ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగాడు. లేదన్నాను.

“బొమ్మ మనది కాదమ్మా,” అన్నాడు. “వాళ్ళు నవ్వించాక మనమేం చేస్తాం? పాతదే పెట్టు.”

పాతదే పెట్టాను. చిలక ఒక్కసారికే ఒప్పించేసింది. పిచ్చివాడా అంది, గలగలా నవ్వింది, వయొలిన్లు మోగాయి. మాస్టారు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ అమ్మాయి మొహం ఎవరి చేతిలోనో ఉంది, నా మొహం ఇంకా నాదే కదా అనుకున్నాను. సంచి తీసుకుని టైలరమ్మ షాపుకి వెళ్ళాను.

షాపు మారలేదు. ఒక పాత మేడ మెట్ల కింద గది. తలుపుకి రెండువైపులా బడి యూనిఫారాలు హ్యాంగర్లకి వేలాడుతున్నాయి, ఒక్కోదానికి పిల్లల పేర్లు రాసిన చీటీలు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక స్కర్టు అంచు కుడుతోంది. నన్ను చూసి మిషను ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేసి, అప్పుడు తలెత్తింది. ఒకప్పుడు నేను ఆవిడని ‘అక్కా’ అని పిలిచేదాన్ని. ఆ పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. ఫైలు ఎవరు దాచారో, ఎలా దాచారో, ఎందుకు దాచానన్నారో వరసగా చెప్పాను. మా ఆయన అన్న మాట కూడా దాచలేదు. మార్జిన్ ఉన్న కాగితం ఇచ్చాను. ఆవిడ ఎర్ర రాత కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివింది.

“ఇప్పుడు మీరు నా దగ్గరికి లాయరుగా వచ్చారా, ఆయన భార్యగా వచ్చారా?” అని అడిగింది.

“కోటు ఎప్పుడో తీసేశాను. భార్యగా అయితే ఈ కాగితం తెచ్చేదాన్ని కాదు.”

“మరి ఏమని వచ్చారు?”

తెలిసింది చెప్పాను. లాయరు అజాగ్రత్త వల్ల ఆధారం పోయిందంటే పాత తీర్పు కదలదు. కావాలని దాచారని తేలితే మాత్రం, పిల్లకి పద్దెనిమిది నిండేలోపు మళ్ళీ విచారణ అడగొచ్చు. టీచరమ్మ ఉత్తరం ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది. కానీ దాచారనడానికి ఈ ఒక్క మార్జిన్ రాత చాలదు. నోటిమాటగా ఆయన ఒప్పుకున్నది రేపు కాదంటే నేనేమీ చెయ్యలేను. ఇదంతా చెప్తూ ఉంటే మధ్యలో నాకే అర్థమైంది, మళ్ళీ ఖాళీ చేతులతోనే ఆవిడ ముందు నిలబడ్డానని.

ఆవిడ స్కర్టు మడత పెట్టి చీటీ గుచ్చింది. కూతురికి ఇప్పుడు పదిహేనేళ్ళని చెప్పింది. నెలలో రెండో శనివారం తండ్రి కారులో దింపితే వస్తుందట, రెండు గంటలుండి పోతుందట. ఆ మూల కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటుందట.

“వెళ్ళేటప్పుడు ‘వస్తానండి, మీరు జాగ్రత్త’ అంటుంది,” అంది. “నన్ను ‘మీరు’ అంటుంది లాయరమ్మా. నా కడుపున పుట్టిన పిల్ల.”

ఆవిడ ఇంకో స్కర్టు తీసుకుని చీటీ మీద పేరు చూసుకుంది.

“పోయిననెల ఒక్కసారి మాత్రం తనంతట తను నోరు విప్పింది. ఎవరో లాయరమ్మాయి సీరియల్ తెలుగులో వస్తోందట, వారం వారం చూస్తుందట. మొదట్లో అంత తెలివిగా ఉండేది, ఇప్పుడెందుకు ఇలా వెర్రిదానిలా తయారైంది అని నన్నడిగింది. నాకేం తెలుసని చెప్పను? నాతో మాట్లాడిందే చాలనుకున్నాను.”

ఆ మాటలు రాస్తున్నది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ పిల్లకి తల్లిని లేకుండా చేసిన వ్యవహారంలో నా పాలు ఉంది, ఇప్పుడు దానికి నచ్చిన ఒక్క మనిషిని తెర మీద పాడు చేయడంలోనూ నా పాలు ఉంది. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన రోతకి పేరు లేదు.

ఆవిడ మళ్ళీ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఈసారి చదవలేదు. ఎర్ర రాతని దూరంగా పట్టుకుని, గుడ్డ రంగు సరిపోయిందా లేదా అని చూసినట్టు చూసింది. తర్వాత మిషను పైన గోడ వంక చూసింది. అక్కడ నాలుగు మూలలా గుండుసూదులతో ఒక బొమ్మ గుచ్చి ఉంది. ఆకుపచ్చ పెన్సిలుతో గీసిన పిల్లి. మీసాలు ఒకవైపు మూడు, ఇంకోవైపు ఐదు.

“కేసు నడుస్తున్నప్పుడు పిల్ల శనివారాలు వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళేది కదా,” అంది. “అక్కడ చిత్తు కాగితాలు ఇస్తే వెనకవైపు గీసుకునేది. ఇది నాకోసమని తెచ్చింది. తెచ్చిన రోజే గుచ్చాను, మళ్ళీ తీయలేదు. వెనకాల ఏదో ఎర్రగా రాసున్నట్టు గుర్తు.”

స్టూలెక్కి సూదులు ఒక్కొక్కటే తీసింది. కాగితం తిప్పి మిషను మీద పరిచింది.

టైపు చేసిన పేజీ. పిల్ల తండ్రి తరఫున కోర్టులో ఇవ్వబోయే జవాబుకి చిత్తుప్రతి. మార్జిన్ నిండా ఎర్ర పెన్సిలు. ఆ రాత నేను ఇంట్లో సరుకుల చీటీల మీద, నా స్క్రిప్టుల మీద రోజూ చూస్తున్నదే. ఒకచోట, “‘తరచూ’ కాదు, ‘ప్రతిరోజూ ఒంటరిగా’ అని రాయండి.” ఇంకోచోట, “ఈ తేదీ తప్పు, సరిచూసుకోండి.” అన్నిటికంటే కింద, పిల్లి తోక ఒత్తిడికి కాగితం ఉబ్బినచోట, రెండు గీతలు గీసి రాసి ఉంది: “టీచరమ్మ ఉత్తరం గురించి ఇక్కడ ఎత్తకండి. అది కోర్టుదాకా రాదు.”

పేజీ పైన తేదీ ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నా ఫైలు మాయమైన సాయంత్రానికి పదకొండు రోజుల ముందు.

ఒక్క సాయంత్రం పని కాదు. బుద్ధి గడ్డి తినడం కాదు. ఆ ‘అట’లన్నీ అందుకే పెట్టాను. నేను పొద్దున్న కేసు గురించి మాట్లాడుతుంటే విని, మధ్యాహ్నం అవతలివాళ్ళ కాగితాలు దిద్దాడు. ఆ పిల్ల తండ్రి మా ఆయనకి ఏమవుతాడో, వాళ్ళిద్దరినీ కలిపింది ఏమిటో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది. నన్ను పోగొట్టుకోలేక చేసిన పని కాదది. పొద్దున్న ఆ మాట విన్నప్పుడు, అంత అసహ్యంలోనూ, లోపల ఎక్కడో ఒక మూల, పోనీలే ప్రేమే కదా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అనిపించింది. సీరియల్లో ఆ దద్దమ్మ నవ్వినందుకు పళ్ళు కొరికాను గానీ, నాలోనూ అది నవ్వుతూనే ఉంది.

అడక్కుండానే మూల కుర్చీలో కూలబడ్డాను. ఆ పిల్ల కూర్చునే కుర్చీ అని తర్వాత గుర్తొచ్చింది. బొమ్మ కోసం చెయ్యి చాచాను.

ఆవిడ దాన్ని వెనక్కి తీసుకుంది. “ఇవ్వను,” అంది. “మీ చేతికి ఒకసారి కాగితం ఇచ్చాను. ఇది నా దగ్గరే ఉంటుంది. ఎక్కడికి తేవాలో చెప్పండి, నేనే తెస్తాను.”

ఆ మాట నాకు తగిలింది. తగలాల్సిందే. లాయర్ల సంఘం, రెండో అంతస్తు, క్రమశిక్షణ కమిటీ గది, సోమవారం పదిన్నరకి అని చెప్పాను. కొత్త కమిటీ మొదటి సమావేశమని, ఊళ్ళో లాయర్లంతా వస్తారని చెప్పాను.

“అక్కడ పెద్ద కుర్చీలో ఎవరు కూర్చుంటారు?”

“మా ఆయన.”

పదకొండింటికి బడివాళ్ళు డ్రస్సుల కోసం వస్తారని, ఆలోగా అయిపోతుందా అని అడిగింది. అవదన్నాను. అయితే ఆ రోజుకి షాపు మూసేస్తానంది. పిల్లి బొమ్మని రెండు అట్టల మధ్య పెట్టి, టేపుకొలతతో చుట్టి ముడివేసింది. ఆ ముడి వేస్తున్నంతసేపూ నా వంక చూడలేదు.

బయటికొచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. సంచిలో ఫోను మోగింది. మా ఆయన. గొంతు మామూలుగా ఉంది, పొద్దున్న ఏమీ జరగనట్టే ఉంది. రాత్రి భోజనానికి నా కోసం ఎదురుచూస్తానన్నాడు. మధ్యాహ్నమంతా కూర్చుని ప్రసంగం ముగించాడట, ‘పునాది’ అనే మళ్ళీ మార్చాడట.

“వచ్చాక ఓసారి చదివి పెట్టు,” అన్నాడు. “ఎక్కడైనా తప్పుంటే చెప్పు.”

“సోమవారం చెప్తాను,” అన్నాను.